పురుగుల షెడ్డు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ ప్రాణాలతో ఉన్నాం. నువ్వూ ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. అమ్మ మోకాలు పర్వాలేదు. నూనె రాస్తుంటే "మెల్లిగా రాయవే, పిండి పిసుకుతున్నావా" అని తిడుతోంది. తిట్టే ఓపిక ఉందంటే బాగున్నట్టే.

పండుగప్ప చేపపిల్లలు ఈగ పురుగుల పొడి తింటున్నాయా అన్నావు. మొదట్లో మూతి తిప్పుకున్నాయి. చేపపొడి వాసన లేనిది మేతే కాదన్నట్టు ఉమ్మేశాయి. ఆకలి ముదిరేసరికి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పెద్దది చిన్నదాన్ని తోక వైపు నుంచి మింగేది. గొంతులో ఇరుక్కుని రెండూ చచ్చేవి. పొద్దున్నే వాటిని ఏరి పారేయడమే నా పని. చివరికి జల్లెడపట్టి పెద్దవాటిని వేరుచేశాను, చేపపొడిలో పురుగుల పొడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు నా చెయ్యి నీడ పడితే చాలు, ఎగబడుతున్నాయి. చుట్టుపక్కల చేపలు పెంచేవాళ్లు కూడా నా పురుగులే కావాలంటున్నారు. చేపపొడికి మీరు పట్టే చిన్నచేపల గిరాకీ పడిపోయిందని, మీ పడవ సరంగు నన్ను బూతులు తిడుతున్నాడని నువ్వే రాశావుగా.

మూడోది, పురుగుల్ని ఏ షెడ్డులో పెంచుతున్నావని. దానికి వెంటనే కార్డు రాశాను, నీళ్ల ట్యాంకు వెనక అని. మిగతా రెండూ తీరిగ్గా రాద్దామనుకున్నాను.

మొన్న సాయంత్రం మేత వేసే వేళ వ్యానులో వచ్చారు. మొహాలకు తువ్వాళ్లు. ముందున్న షెడ్లవైపు చూడనైనా లేదు, నేరుగా ట్యాంకు వెనక్కే నడిచారు. గొడ్డళ్లతో టబ్బులు పగలగొట్టి, పురుగుల మీద కిరోసిన్ పోసి అంటించారు. అవి చిటపటా పేలుతుంటే నవ్వారు. కాపలా మామ అడ్డం వెళితే గొడ్డలి కర్రతో మూతి మీద కొట్టారు. ముందు పళ్లు ఊడి అతని దోసిట్లో పడ్డాయి. తర్వాత చేపపిల్లల తొట్టివైపు తిరిగారు. నాకింక ఒళ్లు తెలియలేదు. ఇనప రాడ్డు తీసుకుని, తొట్టి దగ్గరున్నవాడి భుజం మీద బలంకొద్దీ వేశాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

వాడు "అక్కా" అన్నాడు.

పోలీసులు అడిగితే ఎవర్నీ పోల్చుకోలేదన్నాను. అమ్మ "ఆ గొంతు ఎవరిదే?" అంది. దొంగ వెధవల్లో ఎవడిదో అన్నాను. నా మొహంలోకి చూసి లోపలికి వెళ్లింది.

నేను కొట్టేటప్పటికి నువ్వు చేతులు చాపి తొట్టికి అడ్డంగా నిలబడ్డావు. చేపపిల్లల జోలికి పోవద్దని వాళ్లని ఆపుతున్నావు. అదీ చూశాను. అందుకే ఈ మాట దాచకుండా చెప్పాలి. మొదటి దెబ్బ నువ్వని తెలియక కొట్టాను. మోకాలి మీద పడిందే రెండోది, అది తెలిసే కొట్టాను. నిన్ను భుజాలకెత్తుకుని తిప్పిన మామ ఇప్పుడు గంజి తప్ప ఏదీ మింగలేకపోతున్నాడు. మన్నించమని నేను అడగను.

చేపపిల్లలు బతికాయి. పురుగుల్ని మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి వీధి తలుపు పక్క షెడ్డులో. మీ సరంగుకి ఇదీ చెప్పుకో.

రావాలనిపిస్తే పగటిపూట రా, మొహం కప్పుకోకుండా. ముందు మామ కాళ్ల దగ్గర కూర్చో. ఆ తర్వాత నీ మోకాలికీ నూనె రాస్తాను. మెల్లిగా రాస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

ఇట్లు,
నిన్ను రెండుసార్లు కొట్టిన
మీ అక్క