ఓబులమ్మ బాకీ

11 అక్టోబర్ 2025, అల్ ఖోబర్, సౌదీ
ఈ రోజు పనులు: దుప్పట్లు ఉతికాను, ఇడ్లీ పిండి రుబ్బాను, నిన్నటి చాయ్ కప్పులు తొమ్మిదీ కడిగాను.

ప్రియమైన షబానా,

ఫోన్‌లో అయితే మా ఆయన వింటారని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు హాయిల్ వెళ్లాక మన శుక్రవారం పాచికల ఆటను ఆయన ఆఫీసు స్నేహితుడు నాగేందర్ నడుపుతున్నాడు. కథ చెప్పి శత్రువుల్ని తెచ్చేది అతను, తలా ఒక పాత్రగా పాచికలు వేసి పోరాడేది మేము. నిన్న మా ఎనిమిది మంది మీదికి ఒకే ఒక రాక్షసుణ్ణి తెచ్చాడు. తలా ఒక దెబ్బ వేస్తే కూలిపోతాడేమోనని వాడి బలం మూడింతలు చేశాడు. మొదటి దెబ్బ నా పాత్ర, వైద్యురాలి మీద పడింది. మా అమ్మమ్మ పేరు పెట్టుకుని ఏడాదిగా ఆడుతున్న ఓబులమ్మ, పాచిక వేసే వంతు ఒక్కటీ రాకుండానే చచ్చిపోయింది.

వెంటనే నాగేందర్, "ఖాళీగనే ఉన్నరు గదా వదినా, జర అందరికి చాయ్ పెట్టుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆయనతో సహా. నేను వంటింట్లో ఉండగానే ఆట ముగిసింది.

వచ్చే నెల నడిపేది నేను. నాగేందర్ కత్తివీరుడిగా ఆడతాడు. అతనొక్కడే చచ్చేలా యుద్ధం ఎలా కూర్చాలో చెప్పు. క్షమించమని మాత్రం రాయకు.

నీ ఉమక్క

20 అక్టోబర్, హాయిల్

ప్రియమైన ఉమక్కా,

క్షమించమని నేనెందుకంటాను? కానీ ఒక్క రాక్షసుణ్ణి పెట్టి బలం పెంచితే అతని తప్పే నువ్వూ చేస్తావు. ఎనిమిది మందికి ఒక్కడు సరిపోడు. చిన్న శత్రువుల్ని ఎక్కువమందిని పెట్టు, మూడు చోట్లకు పంచు. ఎవరి పని వాళ్లకుంటే పక్కవాడి వైపు చూడరు.

ఇంకో మాట. చంపితే నాగేందర్ నవ్వుతూ కొత్త వీరుణ్ణి తయారు చేసుకుంటాడు. నిన్ను కాల్చింది ఓబులమ్మ చావా, ఆ చాయా? అది తేల్చుకుని మొదలుపెట్టు.

నీ షబానా

15 నవంబర్, అల్ ఖోబర్

ప్రియమైన షబానా,

తేల్చుకున్నాను. చాయే.

నిన్న ఖర్జూరపు తోట మీదికి దొంగల్ని వదిలాను. కొందరు బావి దగ్గర, కొందరు గేటు దగ్గర, మిగిలినవాళ్లు ఒంటెల దగ్గర. మొదట్లోనే నాగేందర్ కత్తివీరుడి మీద వల పడింది. "ఎవరైనా ఒక్క వంతు వదులుకుంటే వల తెగుతుంది" అని అందరికీ వినబడేలా చెప్పాను. ఎక్కడా మోసం లేదు.

నాగేందర్ భార్య వైపు తిరిగాడు. "సంధ్యా, జర తెంపవే!"

"ఆగుండ్రి, నా ఒంటె పోతాంది!"

"చెంచయ్యా!" అని గేటు దగ్గర పోరాడుతున్న ఆటగాణ్ణి పిలిచాడు.

"ఇద్దరు దొంగలు మీద పడ్డారయ్యా, నన్నెవరు కాపాడాలి?"

చివరికి మా ఆయన్ని అడిగాడు. "వచ్చే వంతులో చూద్దాంలే" అని మా ఆయన పాచిక విసిరారు. వచ్చే వంతులోనూ అదే మాట. అతని భార్యకు ఇంకా ఒంటే ముఖ్యం.

అప్పుడు నేను పాచికలు కింద పెట్టి, "ఖాళీగానే ఉన్నారు కదా నాగేందర్ గారూ, అందరికీ చాయ్ పెట్టండి" అన్నాను.

అందరూ నవ్వారు. సంధ్య అందరికంటే గట్టిగా నవ్వింది. అతను నా ముఖం చూశాడు. గుర్తొచ్చింది. లేచాడు.

టీపొడి కోసం అలమరలన్నీ తెరుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎక్కడుందో నేను చెప్పలేదు. అతను ట్రేతో వచ్చేసరికి దొంగలు పారిపోయారు, ఆట ముగిసింది.

అల్లం మరీ ఎక్కువైంది. అయినా చివరి చుక్క దాకా తాగాను. కప్పులు కూడా అతనితోనే కడిగించాను.

ఓబులమ్మ పేరున తొమ్మిది కప్పులు జమ. బాకీ తీరింది.

నీ ఉమక్క