అన్నం చల్లారేలోపు

1948 ఆగస్టు 3, మంగళవారం

పాస్టరమ్మ మేబెల్ గారు మారేడ్‌పల్లిలో నా గదికి వచ్చారు. ఉన్నది ఒక్కటే స్టూలు. దాని మీద నా తడి చొక్కా. ఆమె నిలబడే మాట్లాడారు.

తిరుమలగిరి రోసమ్మకు తోడు కావాలట. ఆమె భర్త జకర్యా దొరల మెస్సులో బట్లరు. పోయిన ఏడు చనిపోయాడు. ఊళ్లో పేరున్న వంటవాళ్లు ఎందరున్నారో అందరి చేతి వంటా ఒక్కొక్కటే తినిపిస్తానని భార్యకు మాట ఇచ్చాడట. మాట మిగిలిపోయింది. ఇప్పుడు రోసమ్మ తానే వెళ్లి తింటానంటోంది. ఆడమనిషి ఒక్కతే హోటల్లో కూర్చుంటే బాగుండదు కదా, నువ్వు పో అన్నారు.

నేనే ఎందుకని అడగలేదు. ఆమే చెప్పారు. నీ నోట్లో నాలుక లేదు ప్రభుదాసూ, నీతోని పోతే ఎవ్వరేమనరు అని.

సరే అన్నాను.

ఆగస్టు 7, శనివారం

జేమ్స్ స్ట్రీట్‌లో గోవా ఫెర్నాండెజ్ హోటల్. పెద్ద దొరలకు వండినవాడట. బల్ల మీద తెల్ల గుడ్డ. మనిషికి రెండు ఫోర్కులు. లాలాగూడ వర్క్‌షాపులో రైలు డబ్బాలకు రంగు వేసిన చెయ్యి నాది. బ్రష్ పట్టినట్టే ఫోర్కు పట్టాను.

సూప్ వచ్చింది. రోసమ్మ కళ్లు మూసుకుంది. మనసులో ప్రార్థన చేసుకుంటుందనుకున్నాను. పైకే షురూ చేసింది. గుడిలో లాగా. వంటవాడి కోసం, కోడిని పెంచినవాళ్ల కోసం, లండన్ రాజుగారి కోసం, నిజాం గారి కోసం, ఢిల్లీ వాళ్ల కోసం, ఊళ్లోకి రాకుండా సరిహద్దులో ఆగిపోయిన ఉప్పు బస్తాల కోసం. పక్క బల్లల వాళ్లు స్పూన్లు దించి చూశారు. నాకు తల కాలర్‌లోకి దించుకోవాలనిపించింది. ఆమె ఆమెన్ అనేసరికి సూప్ మీద మీగడ కట్టింది.

సూప్ మంచిగుంది కానీ కట్‌లెట్‌లో రొట్టె ఎక్కువైందని చెప్పింది. ఫెర్నాండెజ్‌కు వినబడేట్టే చెప్పింది. తర్వాత నవ్వింది. అన్నా, వంకలు పెట్టనీకి నేనెవరిని, పెండ్లయిన కాడి నుంచి పొయ్యి ముట్టలేదు, ఆయనే వండి పెట్టిండు, నా చేతి కూర కుక్క సుత ముట్టదు అంది.

మా గుడిలో అందరూ అందరికీ అన్నలే.

నువ్వేం తింటవన్నా అని అడిగింది. పప్పు వండుకుంటానన్నాను. ఈ రోజు నేను మాట్లాడింది అంతే.

ఆగస్టు 8

కట్‌లెట్ అరగలేదు.

ఆగస్టు 21, శనివారం

మోండా దగ్గర దస్తగీర్ మియా హోటల్. నవాబుగారి దేవిడీలో వంట చేసి బయటికి వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. శనివారం బిర్యానీ కోసం బేగంపేట నుంచి కూడా టాంగాల్లో వస్తారు. మమ్మల్ని ఫ్యామిలీ రూమ్‌లో కూర్చోబెట్టారు. రూమ్ అంటే రూమ్ కాదు, పరదా. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పరదా గొంతును ఆపదని నాకు తట్టలేదు.

రోసమ్మ ఢిల్లీ వాళ్ల దగ్గరికి వచ్చేసరికి బయట పళ్లేల చప్పుడు ఆగిపోయింది. ఈ రోజుల్లో ఆ పేరు ఎవరూ గట్టిగా అనరు. అవతల ఖాకీ బట్టల రజాకార్లు కూడా తింటున్నారు. పరదా తొలగించుకుని దస్తగీర్ మియానే వచ్చాడు. చేతిలో గరిటె. ఎత్తయిన మనిషి, తెల్ల గడ్డం. అమ్మా, దువా మంచిదే, గానీ మూత తీసినంక నా బిర్యానీ దేవుని కోసం సుత ఆగది, జెర జల్దీ కానియ్యి అన్నాడు.

కళ్లు తెరవకుండానే రోసమ్మ అంది. బిర్యానీ ఆగకపోతే నువ్వు ఆగు మియా అని.

మియా పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని బయట కూడా ఎవరో నవ్వారు. పళ్లేల చప్పుడు మళ్లీ మొదలైంది.

బిర్యానీ గురించి రాయడం నాకు రాదు. తిన్నాను. ఇంకా తిన్నాను. రోసమ్మ మాత్రం షాజీరా ఒక చిటికెడు ఎక్కువైందని మియాకు చెప్పింది. ఆయన గడ్డం సవరించుకుని, దేవిడీల బేగం సాహెబా ఒక్కామెనే ఆ మాట అంటుండె అన్నాడు.

ఆగస్టు 28, శనివారం

మళ్లీ మియా దగ్గరికే. ఇంకా చాలామంది వంటవాళ్లు ఉన్నారు కదా అని నేను అనలేదు. ఆమె కూడా అనలేదు.

టాంగా ఎక్కేటప్పుడు జెర చెయ్యి ఇయ్యి అంది. అన్నా అనలేదు. ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా అనలేదు.

సెప్టెంబర్ 1, బుధవారం

మేబెల్ గారు వచ్చారు. ఈసారి స్టూలు ఖాళీగా ఉంది.

రోసమ్మను అడిగారట, పెండ్లికి ప్రభుదాసు ఎట్లున్నడు అని. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే అవుననేవాణ్ణి. రోసమ్మ చెప్పిన మాట మేబెల్ గారు దాచకుండా చెప్పారు. మనిషి మంచోడు. పప్పు వండుతడు, సిగరెట్ తాగడు. గానీ జకర్యా ఉన్నన్ని దినాలు పళ్లెం ముందర ఆయనే ప్రార్థన చేసిండు, నేను కండ్లు మూసుకొని విన్న. ఇప్పుడు నేనే చేస్తున్న, నేనే వింటున్న. మళ్ల అట్లనే బతికేటట్టయితే పెండ్లి ఎందుకు. నోరు తెరిచి రెండు మాటలు చెప్పమను, చేసుకుంట. ఇదీ ఆమె మాట.

నా భార్య కాంతమణి బతికున్నప్పుడు మా ఇంట్లో ప్రార్థన ఆమెదే. నేను ఆమెన్ అనేవాణ్ణి. అదైనా మెల్లగా.

చిన్నప్పుడు ఊరి మిషన్ బడిలో ఒకసారి దొరసాని ముందు వాక్యం చెప్పమన్నారు. నిలబడ్డాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అందరూ నవ్వారు. దొరసాని కూడా. అప్పటి నుంచి ఇంతే.

సెప్టెంబర్ 6

గోడకు ప్రార్థన చెప్పి చూశాను. బాగానే వచ్చింది. కానీ గోడ కళ్లు మూసుకుని ఎదురుచూడదు.

సెప్టెంబర్ 11, శనివారం

మియా హోటల్. పరదా. బిర్యానీ వచ్చింది. రోసమ్మ కళ్లు మూసుకుంది. మాట్లాడలేదు. నా కోసమే ఆగింది.

పరలోకమందున్న తండ్రీ దగ్గర మొదలుపెట్టాలి. గోడ ముందు అట్లాగే మొదలుపెట్టాను. నోరు తెరిచాను. సర్వర్ నీళ్లు పెట్టి పోయాడు. పరదా అవతల ఎవరో ఎముక కొరుకుతున్న చప్పుడు వినబడింది. రోసమ్మ రెప్పలు కదులుతున్నాయి. ఆమె ముఖం అంత దగ్గరగా, అంతసేపు ఎప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను. మాట రాలేదు.

చివరికి ఆమే ఆమెన్ అంది. తిన్నాం. షాజీరా గురించి కూడా ఏమీ అనలేదు.

సెప్టెంబర్ 12, ఆదివారం

గుడి బయట రోసమ్మ నన్ను అన్నా అని పిలిచింది.

సెప్టెంబర్ 13

విమానాలు. యుద్ధం మొదలైందంటున్నారు. తలుపు వేసుకుని కూర్చున్నాను.

సెప్టెంబర్ 17, శుక్రవారం

సాయంత్రం ఇరానీ హోటల్ రేడియో ముందు జనం. నిజాం గారు యుద్ధం ఆపమన్నారట. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు టీ కప్పులు అట్లాగే వదిలేసి వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 19, ఆదివారం

తిరుమలగిరి వైపు మిలిటరీ లారీలు వరసగా పోతున్నాయి. జనం దండలు వేస్తున్నారు. రోసమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. బాగానే ఉందని మేబెల్ గారు కబురు పెట్టారు. నేను అడగకుండానే.

అక్టోబర్ 5, మంగళవారం

పప్పు కోసం మోండాకు వెళ్లాను. దస్తగీర్ మియా హోటల్ మూసి ఉంది. ఎదురుగా పాన్ డబ్బా వీరయ్యను అడిగాను. అడిగానంటే, తలుపు వైపు చూశాను. ఆయనే చెప్పాడు.

మియా శాన పరేషాన్ల ఉన్నడు పెద్దయ్యా. బిడ్డను బీదర్ దిక్కు ఇచ్చిండు. ఆడ గడబిడలైనయట, ఊర్లకు ఊర్లే ఖాళీ అయినయట. బిడ్డ కబురు లేదు. ఎవరినన్న తోలుదామంటే పోయేటోడు లేడు. హోటల్ అమ్మి కరాచీ పోతడని చెప్పుకుంటున్నరు, నిజమో అబద్ధమో.

పప్పు కొనడం మరిచిపోయి వచ్చాను.

అక్టోబర్ 16, శనివారం

పొద్దున మోండాకు వెళితే మియా హోటల్ తలుపు సగం తెరిచి ఉంది. బక్రీద్ పోయిన మర్నాడు తెరిచాడట. ఒక్కరూ రావడం లేదని వీరయ్య చెప్పాడు. కొందరికి భయం. రజాకార్లు ఇక్కడే తిన్నారని కొందరికి కోపం. అందరికీ అమ్మినట్టే వాళ్లకు సుత అమ్మిండు, తింటానికి వచ్చినోన్ని ఎట్ల పొమ్మంటడు అన్నాడు. అంటూనే తాను మాత్రం డబ్బా దిగలేదు.

అక్కడి నుంచి తిరుమలగిరికి నడిచాను. రోసమ్మ ఇంటికి నా అంతట నేను వెళ్లడం ఇదే మొదలు. ఆమె తలుపు తీసి ఏందన్నా అంది. మియా హోటల్ తెరిచిండు, ఎవ్వరు వస్తలేరట అన్నాను. ఆమె గొడుగు తీసుకుని బయటికి వచ్చింది. ఎండ లేదు, వాన లేదు.

లోపల బల్లలన్నీ ఖాళీ. పరదా వెనక్కి వెళ్లబోతే రోసమ్మ, ఎందుకు, ఎవ్వరున్నరని, అంటూ వీధి తలుపు పక్కనే కూర్చుంది. సర్వర్లు లేరు. మియానే చిన్న బిర్యానీ డేగిసాతో వచ్చాడు. గడ్డం పెరిగిపోయింది. పళ్లేలలో పెట్టి పక్కకు పోలేదు. నిలబడ్డాడు.

అమ్మా, ఆ దినం జల్దీ చెయ్యమన్న. ఇయ్యాల జల్దీ లేదు. చల్లారితే మళ్ల వేడి చేస్త. ఎంతసేపన్న చెయ్యి. నా బిడ్డ కోసం సుత ఒక మాట చెప్పు అన్నాడు.

రోసమ్మ కళ్లు మూసుకుంది. ప్రభువా అంది. ఇంకో మాట రాలేదు. మళ్లీ ప్రభువా అంది. ఏడుస్తోంది. ఎప్పుడూ ఆగని మనిషి ఆగిపోయింది. మియా నేల చూస్తున్నాడు. పళ్లెం మీద ఆవిరి లేస్తోంది.

అప్పుడు ఎవరో మాట్లాడారు. నేనే.

గోడ ముందు నేర్చుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. ప్రభువా, ఈయన బిడ్డ బీదర్ల ఉన్నది అన్నాను. ఆమెను సల్లగ చూడు. దారి సరిగ లేదు, జాగ్రత్తగ తీసుకరా. అక్కడ ఆగిపోయాను. ఏ బిడ్డో చెప్పాలి కదా. అక్కడ ఎందరో బిడ్డలు ఉంటారు. కళ్లు మూసుకునే అడిగాను, బిడ్డ పేరేంది మియా అని.

షరీఫా అన్నాడు.

షరీఫా, ప్రభువా, అన్నాను. ఈమె పేరు షరీఫా. ఈ మనిషిని సుత ఏడికీ పోనియ్యకు. ఈ అన్నం ఆయన వండిండు. ఆమెన్.

కళ్లు తెరిచాను. మియా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి, తినుండ్రి, సల్లబడుతున్నది అని లోపలికి వెళ్లాడు.

తిన్నాం. మేము లేచేసరికి వీరయ్య వచ్చి తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. ఇంకెవరూ రాలేదు.

టాంగాలో రోసమ్మ గొడుగు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది. ప్రార్థన నడుమల ఆపి పేరు అడుగుతరా ఎవరన్న. జకర్యా ఎన్నడు అట్ల చెయ్యలేదు. దేవునికి ఆ పిల్ల పేరు తెల్వదా.

నాకు తెల్వదు అన్నాను.

పరేడ్ గ్రౌండ్ దాటాక, మేబెలమ్మకు నువ్వే చెప్పు అంది. అన్నా అనలేదు.

అక్టోబర్ 31, ఆదివారం

గుడిలో మా పెళ్లి ప్రకటన మొదటిసారి చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరుగారు అడిగారు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. నేను మునిగిపోయాననుకున్నాను. దగ్గు మాత్రమే.

నవంబర్ 13, శనివారం

మియా హోటల్లో నాలుగు బల్లల మీద మనుషులు ఉన్నారు. కరాచీ సంగతి రోసమ్మ అడిగింది. బిడ్డ కబురు వచ్చేదాకా ఈ ఇల్లు కదలనన్నాడు. బిడ్డ వస్తే ఈడికే వస్తది, తాళం చూసి మళ్ల ఏడికి పోవాలె అన్నాడు. పెళ్లికి డేగిసా తానే పంపుతానన్నాడు. షాజీరా ఎంత వేయాలో అమ్మనే అడిగి వేస్తాడట.

నవంబర్ 17, బుధవారం

పెళ్లి అయింది. చేసుకుంటానని నేను చెప్పిన మాట వెనక బెంచీ దాకా వినబడిందని మేబెల్ గారు అన్నారు. షాజీరా సరిపోయింది.

నవంబర్ 18

ఇంట్లో ఇద్దరం. పప్పు నేను వండాను. రోసమ్మ కళ్లు మూసుకుంది. చెప్పాను. షరీఫా పేరు దగ్గర ఆగాను. ఆ పిల్ల కబురు ఇంకా రాలేదు. రోసమ్మ కళ్లు తెరవలేదు.

అన్నం చల్లారింది.