పసుపు తీసేసి తెలుపు

శుక్రవారం రాత్రి, 1999
బోరబండ

ఆఫీసుల ఇంకా ప్రాజెక్టు ఇయ్యలేదు. ఖాళీగ ఉండలేక ఎవరి వెబ్‌సైట్ వాళ్లం చేసుకుంటున్నం. నేను పేజీ మొత్తం పసుపు వేసి, ఎర్రటి అక్షరాలతో పేరు రాసిన. పక్క సీటు శిరీషది కడప. "ఏమే, పెండ్లి పత్రిక మాదిరుంది," అన్నది. నాకూ అట్లనే కనిపించింది. రంగులన్నీ తీసేసిన. తెల్లటి పేజీ, నీలం అక్షరాలు. ఎడమ దిక్కు ఫోటో, కుడి దిక్కు పేరు, చదువు, ఉద్యోగం, ఇష్టాలు. జర సప్పగున్నది గని, నాది అనిపించింది.

ఇంట్ల కంప్యూటర్ లేదు కద, ప్రింటు తీసి తెచ్చిన. నాయిన అద్దాలు పెట్టుకొని మొత్తం చదివిండు. నా పని గురించి ఇంత శ్రద్ధ ఎన్నడూ చూపియ్యలేదు.

"మంచిగ చేసినవ్ బిడ్డా. గోత్రం ఒక్కటి మర్చినవ్. అది రాసి నాలుగు కాపీలు తే. ఆదివారం మీ మేనత్త వస్తది."

"ఇది సంబంధాల కోసం కాదు నాయినా," అన్న.

"మరెందుకు?" అన్నడు. కోపంగ కాదు, తెలుసుకుందామనే.

కాగితం తీసుకొని లోపలికొచ్చిన. ఇప్పుడు ప్రింటు ముందటేసుకొని చూస్తున్న. గోత్రమో, నాయిన అడిగినదానికి జవాబో, ఫోటో కింద ఒక లైను పట్టేంత జాగ అయితే ఉన్నది.