తొమ్మిది నెలలు మానని ప్రార్థన పుస్తకం

తిరుమణి,
ఆదివారం

పెద్దక్కకు చెల్లెలు నయన వందనాలు. నా గురించి దిగులు పడకు. ప్రార్థన పుస్తకం రాయడం మానేస్తానని పోయిన కార్డులో అన్నాను కదా, మానలేదు.

తొమ్మిది నెలలుగా ఎంత ప్రార్థించినా మనసు కదల్లేదు. అయినా రోజూ ఇదే రాశాను: "ప్రభువా, ఈరోజూ నీ స్వరం వినబడలేదు. రేపు మళ్లీ వస్తాను."

మొన్న మధ్యాహ్నం సోలార్ ప్లాంటులో అన్నాలు తిని, నేను పుస్తకం తీశాను. నాతోపాటు ప్యానెళ్లు కడిగే నాగక్క పక్కనే ఉంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె చర్చికి రావడం లేదు. "ఏంది రాస్తాండావు? చదువు, ఇంటా" అంది. సిగ్గుపడుతూనే చదివాను. ఆమె ఏడ్చేసింది. "దేవుడు పలకంది నాకొక్కదానికే అనుకుంటి గదమ్మా! నీకూ పలకల్యా? అయినా రోజూ ఆయన దగ్గరికి పోతానే ఉండావే!" అంది.

ఈరోజు ఆమె చర్చికి వచ్చింది! నా పక్కనే నిలబడి గొంతెత్తి పాడింది. ఆ గొంతు వింటుంటే నా గుండె పొంగిపోయింది. ఇంటికి రాగానే నాలుగు పేజీల స్తోత్రాలు రాశాను. అక్కా, ఆ తొమ్మిది నెలల్లో ఒక్క మాట కూడా వృథా పోలేదు!

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెనక్కాయ పీకడం అయిందా? మేక ఈనిందా? పిల్లల నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు కుట్టి నువ్వు పంపిన పుస్తకం నిండిపోయింది. ఈసారి రెండు కుట్టి పంపు, నాగక్క కూడా రాస్తుందట.

బావకు వందనాలు, పిల్లలకు ముద్దులు. ప్రభువు మీ ఇంటిని చల్లగా కాపాడును గాక.

నయన