ప్రవీణ్‌కి తెలియని ఆల్బమ్

అక్టోబరు 9, 2003
రెడ్‌మండ్, అమెరికా

లంచ్‌లో టీమ్ వాళ్లు నాకిష్టమైన ఆల్బమ్ ఏదని అడిగితే, ఓ ఐర్లండ్ కుర్రాళ్ల పాప్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ పేరు చెప్పాను. గుంటూరులో మా కాలేజీ అంతా విన్న ఆల్బమ్. ఇక్కడ ఒక్కరూ వినలేదట. నవ్వుకుంటూ ప్రవీణ్ వైపు చూశారు. కాలేజీలో నా క్యాసెట్ పట్టుకెళ్లి, అరగదీసి తిరిగిచ్చిన ప్రవీణ్ వైపు.

"నాకూ తెలీదు" అన్నాడు.

సాయంత్రం మామూలుగానే నా కారెక్కాడు. సీడీ పెట్టాను. రెండో పాటకి గొంతు కలిపాడు, ఒక్క మాట తప్పలేదు. ఆపేశాను.

"ఏంటే, ఆపేశావ్?"

"నీకు తెలీదుగా."

ఇంటి దగ్గర దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. రేపటి నుంచి నా కారు ఎక్కనంటాడేమో. ఎక్కకపోతే మానేశాడు. రేపు లంచ్‌కి టీమంతా నా కారులోనే వెళ్లాలి. సీడీ తియ్యను.