పాప పాలు తాగింది

బరంపురం, సోమవారం.

అత్తా, మీ ఫోను కలవక కార్డు రాస్తున్నాను. నేనూ పాపా బాగున్నాం.

జిల్లాలోని కతోలిక్, బాప్టిస్టు, లూథరన్ చర్చిలవాళ్ళు కలిసి ఆసుపత్రి పక్కన నడిపే సత్రంలో ఉంటున్నాం. నెల తక్కువ పిల్ల కదా, రొమ్ము పట్టలేదు. ఆపరేషన్ కుట్లతో నేను లేవలేకపోతే, బాప్టిస్టు పాస్టరమ్మే ఒళ్ళో పెట్టుకుని చెంచాతో పాలు పట్టేది. నిన్న ఆదివారం, ఆరాధన వేళైనా ఆవిడ కదల్లేదు. కతోలిక్ సిస్టరమ్మ వచ్చి, "నాను పొద్దున్నే పూజ సూసుకొచ్చీసేను. నువ్వెల్లమ్మా, పిల్లని నాకియ్యి," అంది.

"ఉండండి సిస్టరూ, ఓపాలి తల్లి కాడ సూద్దుం," అని పాస్టరమ్మ పాపను నా పక్కన పడుకోబెట్టింది. పాప తాగింది అత్తా! ముగ్గురమూ ఏడ్చాం. పాస్టరమ్మకు ఆరాధన తప్పిపోయింది.

మెత్తటి పాత చీరలు పంపు. వాళ్ళిద్దరికీ ఎండు నెత్తళ్ళ చేపలు కూడా. మామకు దగ్గు తగ్గిందా? దండాలని చెప్పు. పాపది నీ ముక్కే.

నీ కోడలు రింకి