ఆరు పూటల చీటీ

కరువు సహాయపు తహశీల్దారు గారి సముఖమునకు,

కోడుమూరు ఫిర్కా, గుండ్లకొట్టాల గ్రామ కాపురస్థుడు, మాజీ తలారి దేవేంద్రప్ప (వయస్సు 52) వ్రాసుకొన్న అర్జీ. ది 21–7–1952.

విషయం: భోజన సమయమున ముక్కు కారుట, గొంతు పట్టుట కారణముగా గంజి కేంద్రపు జాబితా నుండి నా పేరు కొట్టివేసినందున, తిరిగి చేర్చుకొనుటను గురించి.

అయ్యా,

ఇరవై రెండేండ్లు కరణం గారి వెంట దస్త్రం మోసినవాడిని. ఆయన అరుగు మీదనే అక్షరాలు దిద్దుకొన్నాను. అర్జీలో ఏడుపు ఉండరాదు, అంశములు ఉండవలెనని ఆయన చెప్పేవారు. ఆ ప్రకారమే వ్రాస్తున్నాను.

1. పోయిన శ్రావణంలో కడుపులో పుండు ముదరగా నన్ను పట్నం పెద్దాసుపత్రిలో చేర్చినారు. డాక్టరు గారు ఆపరేషన్ చేసి కడుపులో మూడు వంతులు కోసి తీసివేసినారు. ప్రాణం నిలిచినది, ఆయన చల్లగా ఉండవలెను. మునుపు కందుల కాటా మీద ఏడు మణుగులు తూగిన నేను ఇప్పుడు నాలుగున్నర తూగుతున్నాను. దస్త్రం మోయలేనందున తలారితనం తమ్ముని కొడుక్కు పోయినది. ఇంట్లో నేనూ, నా భార్య భీమమ్మ తప్ప వేరే ఎవరూ లేరు. వాన మొగం చూడక రెండేండ్లు దాటినది. ఇద్దరమూ మా ఊరి గంజి కేంద్రం మీదనే బతుకుతూ వచ్చినాము.

2. పేరుకు గంజి కేంద్రమైనను అక్కడ పెట్టేది మధ్యాహ్నం మనిషికొక జొన్న సంగటి ముద్ద, పైన ఉలవకట్టు. మిగిలిన పావు కడుపుతో సదరు ముద్ద తినునప్పుడు, మూడో కబళానికే రొమ్ము వెనుక ఏదో అడ్డం నిలుస్తుంది. గొంతులో గుండీ ఇరుక్కున్నట్లు ఉంటుంది. నోటి నిండా నురుగు ఊరుతుంది, ముక్కు నీళ్ళు ధార కడతాయి, ఆ వెనుక నాలుగైదు తుమ్ములు. పొలమారితే ఎవరో తలుచుకొంటున్నారని నెత్తిన తట్టుట వాడుక గదా. పక్కన కూర్చునే పెద్ద ఈరన్న మొదట్లో నా నెత్తిన తట్టి, “ఎవురో నిన్ను తలుచుకుంటాండారప్పా” అనేవాడు. దినామూ తట్టి తట్టి వాని చేయి నొచ్చినది. ఒకే వేళకు దినామూ తలుచుకునేంత అక్కర నాతో ఎవరికుంటుంది? తరువాత వాడు దూరం జరిగి కూర్చున్నాడు.

3. ఇందులో నా తప్పు కూడా కలదు. కొంచెం కొంచెంగా దినానికి ఆరు పూటలు తినాలని, ప్రతి కబళం మెత్తగా నమలాలని డాక్టరు గారు చెప్పి, ఆ సంగతి చీటీలో వ్రాసి ఇచ్చినారు. సంగటి నమిలేది కాదు, పులుసులో అద్ది గుటుక్కున మింగేది అని తమకు తెలియనిది కాదు. నమిలేవాణ్ణి చూసి మా వైపు చంటిపిల్లలు కూడా నవ్వుతారు. ఒకప్పుడు పందెం కట్టి ఎనిమిది ముద్దలు మింగినవాణ్ణి, బంతిలో కూర్చుని ఆవులాగా నెమరు వేయలేకపోయినాను. రోషానికి పోయి మింగినాను, మింగిన ప్రతిసారీ అనుభవించినాను. కేంద్రపు నిబంధన కూడా దీనికి తోడైనది. ముద్ద అక్కడే, సూపర్వైజరు కళ్ళెదుట తినవలెను, ఇంటికి తీసుకొనిపోరాదు. బంతి లేచేసరికి మనమూ లేవవలెను. ఆరు పూటల తిండి ఒక్క బంతిలో ఎట్లా తినేది?

4. కనుక సగం ముద్ద తువాలులో దాచుకొని ఇంటికి తెచ్చుకొంటూ, సూపర్వైజరు తిమ్మయ్య గారికి దొరికినాను. డాక్టరు చీటీ చూపినాను. ఆయన చదివి, “ఊరంతా ఒక పూటకు లేక చస్తాంటే నీకు ఆరు పూట్లు కావల్లనా?” అని చీటీ తన వద్దనే ఉంచుకొన్నారు. నా చిక్కిన ఒళ్ళు, నా ముక్కు చూసి బంతిలోని వారు కూడా క్షయ అన్నారు. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు, రక్తం పడలేదు. రిజిస్టరులో నా పేరు కొట్టివేసి పక్కన రెండు కారణాలు వ్రాసినారు. ఒకటి, రోగి అయినందున తినలేడు. రెండు, అధికంగా ఆశించి సంగటి దొంగిలించినాడు. అయ్యా, ఈ రెంటిలో ఏదో ఒకటి ఖాయం చేయవలెను. తినలేనివాడు దొంగిలించి ఏం చేసుకొంటాడు?

5. ఇది జరిగి పదకొండు దినములైనది. నాటి నుండి భీమమ్మ బంతిలో ఉలవకట్టు మాత్రం తాగి, ముద్ద తిన్నట్లు నటించి, తన ముద్ద కొంగున ముడివేసి తెచ్చి, ఆరు ఉండలు చేసి నాకు పెడుతున్నది. నీవు తింటివా అంటే, “సగం ఆడనే తినొచ్చినా” అంటుంది. ముద్ద దాచుకొన్నవాణ్ణి, సగం ఎంతో నిండు ఎంతో నాకు తెలుసును. అది నిండు ముద్దే. తెలిసీ పదకొండు దినాలు తిన్నాను. కరణం గారు ఏమన్నా సరే, ఈ అంశం ఏడుపు లేకుండా వ్రాయుట నా చేత కాలేదు.

6. కావున, నా పేరు తిరిగి ఎక్కించి, నా వంతు ముద్ద ఇంటికి తీసుకొనిపోవుటకు అనుమతించి, చీటీ వాపసు ఇప్పించవలెను. అనుమానం తీరనిచో నా ముక్కును సర్కారు డాక్టరు చేత తనిఖీ చేయించవలెను. కడుపు కోసినది సర్కారే గనుక ముక్కు సంగతి కూడా సర్కారే చూసుకొనుట ధర్మం.

తమకు పనులెన్ని ఉన్నను, ఈ పావు కడుపు వాని మొర విసుగుకొనక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దేవేంద్రప్ప, మాజీ తలారి

తా.క.: తప్పులున్నవేమోనని పైకి చదువుకొనుచుండగా భీమమ్మ గడపలో నిలబడి విన్నది. “నన్ను పట్టిచ్చినావు కదా. రేపట్నుంచి నా కొంగు ఇప్పి చూస్తారు” అన్నది. నాకు మొగం చెల్లలేదు. మాట మార్చుటకు, “కేంద్రంలో అంటే అంత మంది ఉండిరి. ఇంట్లో తింటాన్నా పొలమారుతానే ఉండాది. ఎవురు తలుచుకుంటాండారో” అన్నాను.

“ఎవురో ఏల తలుచుకుంటారు, నేనే” అన్నది. “నువ్వు ఒక్కో ఉండ మింగుతాంటే నా కండ్లు దాని మీదనే ఉంటాయి. తిప్పుకుందామన్నా తిరగవు.”

అయ్యా, కరణం గారు ఇచ్చిన కాగితం ఇదొక్కటే. తిరగరాయుటకు మరొకటి లేదు. కనుక ఆరవ అంశములోని నా మనవులన్నీ కొట్టివేసి చదువుకొనవలెను. నా పేరు ఎక్కించకపోయినా సరే. మూడవ అంశములో నేను తప్పుపట్టిన నిబంధనను భీమమ్మ విషయమున గట్టిగా జరిపించవలెను. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి, ముద్ద అక్కడే, కళ్ళెదుట, కడపటి మెతుకు దాకా తినేవరకు లేవనివ్వరాదని తిమ్మయ్య గారికి హుకుం పంపవలెను. బయటికి వచ్చునప్పుడు ఆమె కొంగు ముడి విప్పించి చూడవలెను.